డోరీన్ మిస్ మంగళవారాలు

డోరీన్ ఫియరాన్ గురించి మా సాండ్‌రిగ్‌లో ఎవరిని కదిపినా ముందు ఆ పరీక్ష సంగతే ఎత్తుకుంటారు. తన జన్మకంతా అదొక్కటే చేసినట్టు, అంతకు ముందు మూడు దశాబ్దాల పైచిలుకు గాడిదల్ని కాసినట్టు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అందుకే నేను మొదటినుంచీ చెబుతాను. వినే ఓపిక లేనివాళ్లు వెళ్లి టీ పెట్టుకోండి.

మేమిద్దరం ఒకే బడిలో, ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. ఇంగ్లీషులో తనకు బహుమతి ఇచ్చారు, నాకు సున్నా చుట్టారు. నేను బస్సు కంపెనీలో చేరి సముద్రం పక్క రోడ్డు మీద ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. తను పై ఊళ్లో చదువుకుని, అక్కడే ఉండిపోతుందని అందరూ అనుకుంటుంటే, తిరిగొచ్చి మమ్మల్ని చదివించిన ఆ బడిలోనే ఇంగ్లీషు టీచరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "దిద్దాల్సిన పేపర్లు చూశావా? వీటి మధ్య మొగుడెక్కడ పడుకుంటాడే?" అనేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ పేపర్ల సంచీ మోసుకుని మా ఇంటికొచ్చేది. తన ఇల్లు చలి, నా వంటిల్లు వెచ్చన. నేను రొట్టె కాలుస్తుంటే తను బల్ల మీద పిల్లల రాతలు పరుచుకుని దిద్దేది. చాలామంది టీచర్లు "బాగుంది", "ఇంకా బాగా రాయాలి" అని గిలికి వదిలేస్తారు. డోరీన్ ప్రతి రాత కిందా ఒక ప్రశ్న రాసేది, ఒకే ఒక్కటి. "వాన పడింది" అని ఎవడైనా రాస్తే, "ఏ వాన?" అని అడిగేది. మా తీరంలో వాన కురవని రోజే తక్కువ కాబట్టి పిల్లలకు చిర్రెత్తుకొచ్చేది. "వానంటే వానే కదా మిస్!" అని దెబ్బలాడేవాళ్లు. దెబ్బలాడి దెబ్బలాడి, చివరికి కిటికీ దగ్గరకెళ్లి చూసి రాసేవాళ్లు.

కెరిస్ మొసాప్ తన తరగతిలోకి వచ్చినప్పుడు దానికి పదకొండేళ్లు. వాళ్లమ్మ డాన్, రేవులో పీతల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నా బస్సులోనే పనికి వెళ్లేది. పిల్ల బొత్తిగా నోరు విప్పేది కాదు. "మీ ఇంటి గురించి రాయండి" అంటే కెరిస్ ఒకే వాక్యం రాసింది: మా ఇంట్లో ఏమీ లేదు. ఆ పేపరు మా బల్ల మీదే దిద్దింది డోరీన్. చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కింద ఇలా రాసింది: ఏమీ లేని ఇంట్లో వాసన ఏమొస్తుంది?

మరుసటి ఆదివారం తను పొయ్యి దగ్గరకొచ్చి, "బెరిల్, ఆ గరిటె పక్కన పెట్టు, ఇది విను" అంది. కెరిస్ అరపేజీ రాసింది. పీతల వాసన వాళ్లమ్మ జుట్టులోంచి ఎన్నిసార్లు తలంటుకున్నా పోదట. బడిలో టీచర్లు తల్లిదండ్రుల్ని పిలిచే రోజున ఆవిడ జుట్టు నిమ్మరసంతో కడుక్కుంటుందట. బస్సులో పక్కసీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ప్రయాణం చేస్తారట, అది గమనించనట్టు వాళ్లమ్మ కిటికీలోంచి చూస్తుందట. ఆ బస్సు నాది. అద్దంలోంచి రోజూ వెనక్కి చూసేదాన్ని, నాకు ఆ ఖాళీ సీటు ఎప్పుడూ కనపడలేదు. రొట్టె మాడింది, ఇద్దరం పట్టించుకోలేదు.

ఇక ఒక నవల సంగతి చెప్పాలి. మా దగ్గర పదహారేళ్లకు పిల్లలు రాసే పెద్ద పరీక్షలో సాహిత్యం పేపరొకటి ఉంటుంది. పరీక్షల బోర్డు కొన్ని నవలల జాబితా ఇస్తుంది, ఒక్కో బడి అందులోంచి ఒకటి ఎంచుకుని రెండేళ్లు పాఠం చెబుతుంది. డోరీన్ ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఎంచుకున్నది ఒకటే. ఒక రేవు ఊళ్లో దీపం వెలిగించే పిల్ల కథ. పడవ మునిగి మనుషులు పోతే, తప్పు పడవ యజమానిదేనని ఆ పిల్ల కోర్టులో నిజం చెబుతుంది. ఊరంతా దాన్ని వెలేస్తుంది. అయినా రోజూ సాయంత్రం వెళ్లి, తనతో మాట్లాడని వాళ్ల పడవల కోసం దీపం వెలిగిస్తుంది. మా ఊరంతా దాన్ని లాంతరు పుస్తకం అనేవాళ్లు.

కొత్త ప్రతులు కొనే అలవాటు మా బడికి లేదు. అవే పుస్తకాలు ఏడాది తర్వాత ఏడాది చేతులు మారేవి. అట్ట లోపల పిల్లలు పేరు రాసుకోవాలి, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఏమైనా రాయొచ్చు, చెరపకూడదు. అది డోరీన్ పెట్టిన ఆచారం. అమ్మ చదివిన ప్రతినే బిడ్డకు వెతికి ఇచ్చేది. అలా కెరిస్‌కు డాన్ మొసాప్ పుస్తకం వచ్చింది. మొదటి పేజీ మార్జిన్‌లో డాన్ తన పదిహేనో ఏట రాసింది: చచ్చేంత బోర్. దాని కింద కెరిస్ రాసింది: అమ్మా, లాంతరు వెలిగేదాకా ఆగు. ఇది చూపించడానికి డోరీన్ వానలో మా ఇంటిదాకా నడిచొచ్చింది. తలుపు తీస్తే తడిసి ముద్దయి, చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడి ఉంది.

కెరిస్ ఎదిగింది. పదిహేనేళ్లకే అది రాస్తుంటే డోరీన్ దగ్గర ప్రశ్నలు అయిపోయేవి. పక్క పట్నంలోని కాలేజీలో సాహిత్యం చదవాలని, తర్వాత యూనివర్సిటీకి వెళ్లాలని పిల్ల పట్టుబట్టింది. మొసాప్‌ల ఇంట్లో పీతలు తప్ప ఇంకోటి తెలిసినవాళ్లు లేరు. కాలేజీ వాళ్లు సరేనన్నారు, కానీ సాహిత్యం పేపర్లో పై గ్రేడు రావాలన్నారు. "వస్తుందా మిస్?" అని డాన్ అడిగింది. "నాది పూచీ" అంది డోరీన్. నేనక్కడే ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

డోరీన్ కూడా ఆ వేసవికే రిటైరవుతోంది. "లాంతరుతో మొదలుపెట్టాను బెరిల్, లాంతరుతోనే ముగిస్తాను" అని ఆ రెండేళ్లూ ఎన్నిసార్లు అందో.

పరీక్ష రోజు నేను హాల్లోనే ఉన్నాను. రిటైరయ్యాక నేను ఇన్విజిలేటర్ పని చేస్తున్నాను. ఆటల హాల్లో బల్లలు వరసగా వేసి ఉంటాయి, మేం మెత్తటి చెప్పులేసుకుని తిరుగుతాం. మాకు ఒక్కటే నియమం: ప్రశ్నాపత్రం గురించి పిల్లలతో ఒక్క ముక్క మాట్లాడకూడదు. పాఠం చెప్పిన టీచరు హాల్లో అడుగుపెట్టకూడదు. డోరీన్ ఎప్పట్లాగే గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్లే ఒక్కొక్కరి చేతిలో పిప్పరమెంటు బిళ్ల పెట్టింది. "మాట చెప్పండి, పుస్తకంలోంచి చూపించండి, అర్థం విప్పండి. వానొస్తే ఏ వానో రాయండి" అంది. కెరిస్ బిళ్ల బుగ్గన పెట్టుకుని నవ్వింది. "మీరింటికెళ్లండి మిస్, మీకే చెమటలు పడుతున్నాయి" అని వేళాకోళం కూడా చేసింది.

"పేపర్లు తెరవండి" అన్నాను.

జాబితాలోని నవలలన్నిటికీ ఆ పేపర్లో తలా ఒక పేజీ ఉంటుంది. పిల్లలు తమ నవల పేరున్న పేజీ తీసి, అక్కడి ప్రశ్నకు జవాబు రాయాలి. మామూలుగా కాగితాల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోతుంది, పెన్నుల చప్పుడు మొదలవుతుంది. ఆ రోజు కాగితాల చప్పుడు ఆగలేదు. ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు, మళ్లీ మొదటికొచ్చారు. తర్వాత ఒక చెయ్యి లేచింది. పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి.

దగ్గరకెళ్లాను. "ఆంటీ, మా పుస్తకం లేదు ఇందులో" అన్నాడొకడు. నేను నోరు తెరవకూడదు. తల ఊపి పేపరు తీసుకుని చూశాను. నిజంగానే లేదు. కెరిస్ చెయ్యి ఎత్తలేదు. పేపరు మూసి, రెండు అరచేతులూ దాని మీద పెట్టుకుని నావైపు చూసింది. నేనేదో చెబుతానని చూసింది. నేను చూపు తిప్పేసుకుని, పరీక్షలు చూసే లోథర్ దగ్గరకు పరుగెత్తాను.

లోథర్ మొహం పాలిపోయింది. బోర్డుకు ఫోన్ చేశాడు. జాబితా మారిందనీ, లాంతరు పుస్తకాన్ని కిందటేడే చివరిసారి అడిగారనీ వాళ్లు చెప్పారు. చదివిన నవల గురించే రాయనివ్వండి, తర్వాత చూద్దాం, ఏ హామీ ఇవ్వలేం అన్నారు. లోథర్ వచ్చి ఆ మాటే పిల్లలకు చదివి వినిపించాడు. కొందరు బల్ల మీద తల వాల్చేశారు. ఒకడు పకపకా నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాడు, బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

అప్పుడు చూశాను, హాలు తలుపు అద్దం వెనక డోరీన్ నిలబడి ఉంది. ఎవరో చెప్పినట్టున్నారు. లోపలికి రాకూడదు కదా, రాలేదు. అద్దానికి రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆ మొహం గురించి నేను చెప్పను. పిల్లలందరిలోకీ తలుపుకు ఎదురుగా కూర్చున్నది కెరిస్. అది ఆ మొహాన్ని చూసింది, పెన్ను తీసుకుంది, ఇంక చివరిదాకా తల ఎత్తకుండా రాసింది.

ఆ సాయంత్రం డోరీన్ కోటు కూడా విప్పకుండా మా వంటింట్లో కూర్చుంది. టీ ఇచ్చాను, అలాగే చల్లారిపోయింది.

"బోర్డు మార్చిన జాబితా ఎవరో సరిగ్గా పంపలేదేమో, ఆ కంప్యూటర్లో ఎక్కడో ఉండిపోయిందేమో" అన్నాను.

"పంపారు. చూశాను" అంది. "చివరిసారి అని ఉంది, పక్కనే ఏ సంవత్సరమో కూడా ఉంది. అది నా ఆఖరి తరగతి రాసే సంవత్సరమేననుకున్నా. అలా ఉండాలని నాకుంది, అందుకే అలాగే చదివా. ప్రాక్టీసుకి పాత పేపర్లే ఇచ్చా, వాటిలో ఉంది కదా, ఇంక అనుమానమెందుకొస్తుంది? ఇంగ్లీషుకి పెద్దదాన్ని నేనే, నా మాట మళ్లీ సరిచూసేవాళ్లెవరు?"

"మనుషులన్నాక తప్పులు చేస్తారే."

"పిల్లలకి ఇన్నేళ్లూ నేను చెప్పిందేంటి బెరిల్? పేజీ మీద ఏముందో అది చదవండి, మీకు కావాల్సింది చదవకండి అని. రోజూ చెప్పానే. రోజూ." ఆ తర్వాత తను ఏడ్చింది. యాభై ఏళ్ల పైచిలుకు స్నేహంలో తను ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఆ వారమంతా డోరీన్ ఇల్లిల్లూ తిరిగింది. వద్దన్నాను, బడివాళ్లూ వద్దన్నారు. వినలేదు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు అని చెప్పింది. కొందరు లోపలికి పిలిచి టీ ఇచ్చారు. కొందరు తిట్టారు. మొసాప్‌ల ఇంటికి నేను తోడు వెళ్లాను. డాన్ తలుపు తీసి, తలుపు పట్టుకునే నిలబడింది.

"మిస్, నేను మీ దగ్గర చదివి ఫెయిలయ్యాను. మిమ్మల్నెప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"లేదు డాన్."

"నా బుర్ర అంతే అనుకున్నా. కానీ దీనికి బుర్రుందని చెప్పింది మీరే. నేను నమ్మలేదు, మీరే నమ్మించారు. నమ్మించి ఇలా చేస్తారా?" గట్టిగా అరిచినా బాగుండేది. మెల్లగా అంది, మెల్లగానే తలుపు వేసింది. పై కిటికీ పరదా కదిలింది. కెరిస్ కిందికి రాలేదు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. మిగతా భాగాల్లో వచ్చిన మార్కుల్ని బట్టి బోర్డు ఏదో లెక్క వేసింది. చాలామంది గట్టెక్కారు. నిజం చెప్పాలంటే చాలామందికి ఆ పేపరుతో పెద్దగా పనీ లేదు. పని ఉన్న ఒక్కదానికే ఒక మెట్టు తగ్గింది. మిగతావన్నీ బాగానే రాసినా, కెరిస్ బలమంతా ఆ నవల్లోనే ఉంది. కాలేజీ వాళ్లు జాలి పడ్డారు, కానీ సీటు నిండిపోయిందన్నారు. వచ్చే జూన్‌లో మళ్లీ రాసి రమ్మన్నారు. సెప్టెంబరులో పిల్ల వాళ్లమ్మతో పాటు తెల్లకోటు వేసుకుని పీతల ఫ్యాక్టరీకి వెళ్లింది.

డోరీన్‌కు వీడ్కోలు సభ జరగలేదు. కేకు కూడా కొయ్యలేదు. చెబితే నవ్వుతారు, నాకు ఆ కేకు సంగతి ఇప్పటికీ కడుపులో మంటే. మూడు దశాబ్దాలు బడికి ఒళ్లు దాచుకోకుండా చేసినదానికి ఒక కేకు ముక్క లేదు. సెలవుల్లోనే బడివాళ్లు లాంతరు పుస్తకాలన్నీ తీసి, ప్రహరీ బయట పెద్ద ఇనప చెత్తతొట్టెలో పారేశారు. కబురు ఎలా పాకిందో, మర్నాటికి తొట్టె చుట్టూ ఆడవాళ్లు. కొందరు కుక్కను తిప్పే వంకతో వచ్చారు, కొందరు వంక కూడా లేకుండానే. ఒక్కొక్కరూ అట్టలు తెరిచి తమ పేరు వెతుక్కున్నారు. రోడ్డు మీద డోరీన్ ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. నేను వెళ్లి ఈ సంగతి చెప్పాను.

"డాన్ వచ్చిందా?" అంది డోరీన్.

"వచ్చింది. చాలాసేపు వెతికింది. తనది దొరకలేదు."



అక్టోబరు నుంచి మొదలయ్యాయి మంగళవారాలు. ఊరి లైబ్రరీ వెనక గదిని డోరీన్ అడిగి తీసుకుంది. మళ్లీ పరీక్ష రాసేవాళ్లకు ప్రతి మంగళవారం సాయంత్రం పాఠం, ఎవరైనా రావచ్చు అని తలుపుకు కాగితం అంటించింది. ఎవరైనా అని రాసింది గానీ ఎవరి కోసమో ఊరందరికీ తెలుసు. జాబితాలో ఉన్న కొత్త నవల అప్పటికే కొని, వేసవంతా కూర్చుని చదివింది. మొదట్లో "ఇదేం నవలే, నీరసం" అని సణిగింది. తర్వాత మెల్లగా దాన్ని కూడా ప్రేమించడం మొదలుపెట్టింది. పుస్తకాన్ని ప్రేమించకుండా పాఠం చెప్పడం తనకు చేతకాదు. అదే కదా తన కొంప ముంచింది.

గదిలో కెటిల్ పెట్టింది, బిస్కెట్లు పెట్టింది, పిప్పరమెంటు డబ్బా పెట్టింది. గదిని వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టం పక్కన ఒక కుర్చీ వేసింది. ఫ్యాక్టరీలో రోజంతా ఐసులో చేతులు పెట్టి వచ్చే పిల్ల కదా. మొదటి మంగళవారం ఎవరూ రాలేదు. రెండోదీ అంతే. మూడో వారం నేను చూడలేక వెళ్లి కూర్చున్నాను.

"ఏంటే, నువ్వా?" అంది.

"సున్నా వచ్చినవాళ్లు రాకూడదని కాగితం మీద లేదుగా."

నేను గొట్టం పక్క కుర్చీలో కూర్చోబోతే, "అందులో కాదే, ఇటురా" అంది. ఇంకో కుర్చీ లాక్కున్నాను.

ఆ నవల ఒక చిన్న రైల్వే స్టేషన్లో, ఒకామె ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చోవడంతో మొదలవుతుంది. నేను పుస్తకం తెరవబోతే డోరీన్ చెయ్యి అడ్డం పెట్టింది. "ముందే చదవకు. ముందు నాకో మాట చెప్పు. నువ్వు ఎప్పుడైనా ఎవరికోసమైనా ఎదురుచూశావా?"

"నేనా? ముప్పై ఏళ్లు జనమే నాకోసం ఎదురుచూశారు, అదీ వానలో. ఏనాడైనా టైముకి వచ్చానా?"

డోరీన్ విరగబడి నవ్వింది. ఆ పరీక్ష తర్వాత తను అలా నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "సరే, మరి జనం మొహాలు ఎలా ఉండేవో అది రాయి" అంది. అంటూనే ఆ గొట్టం పక్క కుర్చీకేసి చూసింది, తర్వాత తలుపుకేసి చూసింది. ఆ తర్వాత ప్రతి మంగళవారం చూసింది. బయట అడుగుల చప్పుడైతే మాట మధ్యలో ఆపేది. అడుగులు దాటిపోయేవి. తను వదిలిన చోటునుంచే మళ్లీ అందుకునేది.

నవంబరులో ఒకసారి బస్టాపులో కెరిస్‌ను పట్టుకున్నాను. చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయి.

"ఒక్కసారి వెళ్లి కనపడవే. పాఠం వద్దు, ఊరికే కనపడు."

"మంగళవారం సాయంత్రం షిఫ్టు ఆంటీ."

"షిఫ్టులు మార్చుకోవచ్చు, నాకు చెప్పకు. కోపమైతే కోపమని చెప్పు, వెళ్లి ఆవిడ మొహం మీదే నాలుగు తిట్టి రా. అదైనా నయం."

"చూద్దాంలే" అని బస్సెక్కేసింది. పక్కసీటు ఖాళీగా పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వాళ్లమ్మలాగే.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున పాలు తెచ్చుకోవడానికి బయల్దేరి, డోరీన్ తన ఇంటి గేటు దగ్గరే కూలిపోయింది. డాక్టరు గుండె అన్నాడు. నేను వెళ్లేసరికి పక్కింటివాళ్లు దుప్పటి కప్పారు. ఒక బూటు లేసు ఊడిపోయి ఉంది. ఎందుకో తెలియదు, నేను కూర్చుని అది కట్టాను.

మంగళవారం లైబ్రరీకి వెళ్లాను. కెటిల్ తెచ్చుకోవాలి, తలుపు మీది కాగితం పీకెయ్యాలి. కాగితం పీకడానికి చెయ్యి రాలేదు. లోపల కుర్చీలు మూడూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కెటిల్ వైరు చుడుతుంటే బయట అడుగుల చప్పుడైంది. దాటిపోతాయనుకున్నాను. ఆగాయి.

కెరిస్ వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, గదంతా పీతల వాసన నిండింది. చేతిలో పాత పుస్తకం, దాని మీద కొత్త పుస్తకం. పాతది డాన్ మొసాప్ లాంతరు పుస్తకం. తొట్టెలో దొరకనిది ఇందుకన్నమాట.

"షిఫ్టు మార్పించుకున్నా ఆంటీ" అంది. "కిందటివారమే అడిగా. ఈ మంగళవారం నుంచి ఇచ్చారు."

నాకు ఒళ్లు తెలియని కోపమొచ్చింది. "ఇప్పుడా? ఇప్పుడా రావడం? అక్టోబరు నుంచీ ఆ కుర్చీ అలాగే పెట్టుకుని కూర్చుందే! ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది? కోపం పెట్టుకునే ఉండు, వచ్చి తిట్టు అని చెప్పానా లేదా?"

"కోపం కాదు ఆంటీ."

"మరేంటే?"

"ఆ రోజు అద్దంలోంచి ఆవిడ మొహం చూశా. నాకు ఎదురుగానే ఉంది కదా. నన్ను చూస్తే మళ్లీ ఆ మొహమే వస్తుందనిపించింది. నన్ను చూసినప్పుడల్లా వస్తుందనిపించింది. అందుకని, బాగా చదువుకుని, ఇదంతా నాకొచ్చేసింది మిస్, మీరేం బాధపడకండి అని చెప్పగలిగాక వద్దామనుకున్నా." చేతిలోని కొత్త పుస్తకం చూపించింది. "సగం వచ్చింది. ఇంకో సగం ఆవిడే చెబుతుందిలే అని బయల్దేరదామనుకున్నా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. కోపం ఉన్నా బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. డోరీన్ ఈ మాట వినకుండా పోయింది. ఆ పిల్ల తనని క్షమించలేదనుకునే పోయింది. క్షమించాల్సిందేమీ లేదని ఆ పిల్ల అనుకుంటోందని తెలియకుండానే పోయింది. ఇదెక్కడి అన్యాయం? ఎవరిని అడగాలి?

కెరిస్ గదంతా చూసింది. ఏ కుర్చీ అని నన్ను అడగలేదు. గొట్టం పక్క కుర్చీలో కూర్చుని, పగిలిన చేతులు ఆ గొట్టం మీద పెట్టుకుంది. నేను పిప్పరమెంటు డబ్బా మూత తీసి ముందుకు తోశాను. ఒకటి తీసుకుని బుగ్గన పెట్టుకుంది.

"మొదలుపెట్టండి ఆంటీ" అంది.

"ఏం మొదలుపెట్టమంటావే? నేను బస్సు డ్రైవర్ని. నాకు సున్నా వచ్చింది."

"ఆవిడ మీకేం చెప్పిందో అదే చెప్పండి. మొదటినుంచీ."

కొత్త పుస్తకం తెరవబోయింది. నా చెయ్యి దానంతటదే వెళ్లి అడ్డం పడింది.

"ముందే చదవకు. ముందు నాకో మాట చెప్పు," అన్నాను. నాకు వేరే ఏదీ రాదు, తను నన్ను అడిగింది అదే. "నువ్వు ఎప్పుడైనా ఎవరికోసమైనా ఎదురుచూశావా?"

కెరిస్ నావైపు చూసింది. తర్వాత గది మధ్యలో, తలుపుకు ఎదురుగా వేసి ఉన్న డోరీన్ కుర్చీకేసి చూసింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచి, లాంతరు పుస్తకం మీద తల పెట్టి ఏడ్చింది. నేను దాని జుట్టు మీద చెయ్యి వేశాను. పీతల వాసన, నిమ్మరసం వాసన. నేనూ ఏడ్చాను.